మామయ్య బిరడాలు

మా అత్తయ్య చేతికి వాసన ఉందని నేను మొదటిసారి విన్నది గుడి మెట్ల మీద. అన్నది సంఘం సెక్రటరీ లూకా గారు. చాటుగా కూడా కాదు, అత్తయ్య ముఖం మీదే, ఆరాధన అయి బయటికొస్తున్న నలభై మంది ముందు.

"అక్కా, ఈసారి సుత గదే వాసన. తడిసిన గోనెసంచి లెక్క. జెర చెయ్యి చూస్కోవాలె గద."

అత్తయ్య కుడి చెయ్యి తిప్పి చూసుకుంది. ఆ చేతిని పమిట కొంగుకు తుడుచుకుంది. ఎవరో నవ్వారు. పక్కనే పాస్టరు గారితో మాట్లాడుతున్న మా మామయ్య జకర్యా గారు ఇటు తిరిగి, "నేను చెబుతూనే ఉన్నాను లూకా, వింటేగా" అన్నారు.

అప్పటికి నా పెళ్ళయి మూడు వారాలు. ఆ మూడు వారాలూ నేను నేల మీద నడిచిన గుర్తు లేదు. బాపట్ల నుంచి వచ్చినదాన్ని. మెట్టుగూడలో మా ఇంటి వంటగది కిటికీలోంచి రైలింజన్లు కనిపిస్తాయని సంబరం, మా ఆయన ఆర్థర్ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పొట్లంలో తెచ్చే మిరపకాయ బజ్జీలంటే సంబరం, నా పేరు రాసిన కొత్త రేషన్ కార్డంటే కూడా సంబరమే. అంత సంబరంలో ఉన్న మనిషికి ఒక్కసారిగా ఒళ్ళు మండడం ఎలా ఉంటుందో ఆ మెట్ల మీద తెలిసింది.

లూకా గారు అన్న వాసన అబద్ధం కాదు. ఆ ఉదయం ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షారసం పోసిన చిన్న గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు నాకూ వచ్చింది. వానలో తడిసి, ఆరకుండానే బీరువాలో పెట్టిన గోనె వాసన. అయితే అది అత్తయ్య చేతిదని వాళ్ళు ఎలా తేల్చారో నాకు అర్థం కాలేదు.

మా సంఘంలో ఆ బల్ల సంస్కారానికి వాడే ద్రాక్షారసం ఇరవై రెండేళ్ళుగా మా అత్తయ్య ఎలీసబెతు చేస్తోంది. ఏటా మార్చిలో అల్వాల్ తోటల నుంచి రెండు బుట్టల నల్లద్రాక్ష తెప్పిస్తుంది. కడిగి, ఆరబెట్టి, చిదిమి, పంచదార, లవంగం, చారెడు గోధుమలు వేసి రెండు పెద్ద జాడీల్లో పోసి గుడ్డ కడుతుంది. ఆ వాసన పోగొట్టడానికి ఆవిడ చేయని పని లేదు. మట్టి కుండ మానేసి పింగాణీ జాడీలు కొంది. ద్రాక్ష ముట్టుకునే వారం రోజులు తలకు నూనె రాయదు, ఉల్లిపాయ తరగదు. చేతులు బూడిదతో, నిమ్మచెక్కతో, చివరికి లైఫ్‌బాయ్ సబ్బుతో తోముకుని చర్మం లేచిపోయిన ఏడు కూడా ఉందట. ఇంకొకళ్ళింట్లో ఆవకాయ కలపమంటే ఆవిడ కలపదు. "నా చెయ్యి మంచిది కాదమ్మా" అంటుంది. అది నాతో కూడా అంది, ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

మార్చి మొదటి వారంలో లూకా గారు మా ఇంటికి వచ్చి కాఫీ తాగి, కమిటీ మాట చెప్పారు.

"ఈ యేడు రసం సుత వాసనొస్తే, వచ్చే యేడు సంది బయట కొందమని అనుకుంటున్నం అక్కా. నీకు సుత తక్లీఫ్ తప్పుతది."

అత్తయ్య సరేనంది. ఆయన వెళ్ళాక వంటింట్లో కూర్చుని చాలాసేపు బియ్యం ఏరింది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

"పోనీలెండత్తయ్యా, మీకూ విశ్రాంతి" అన్నాను.

"నాకు పాడటం రాదు డోరా. ప్రార్థన పైకి చేయమంటే నోరు ఎండిపోతుంది. బల్ల దగ్గర అందరూ ఆ గ్లాసు ఎత్తుతారు చూడు, అది నేను చేసింది. గుడిలో నాకున్నది అదొక్కటే. అదీ పోతుంది."

ఆ ఏడు జాడీల పని నేనూ చేశాను. పులుస్తున్న జాడీకి చెవి ఆనించి వినడం అత్తయ్య నేర్పింది. లోపల సన్నగా చిటపటమని చప్పుడు వస్తుంది. రోజూ పొద్దున్నే ఇద్దరం చెరొక జాడీకి చెవి పెట్టి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. చప్పుడు పూర్తిగా ఆగిపోయాక, ఇంకో పది రోజులు ఆగి, మల్లు గుడ్డలో వడకట్టాం. నేను గరిటెతో తీసుకుని రుచి చూశాను. పండిన ద్రాక్ష, లవంగం, ఇంకేం లేదు.

"అత్తయ్యా, వాసన లేదు."

"జాడీలో ఎప్పుడూ ఉండదమ్మా. సీసాలోకి వెళ్ళాకే వస్తుంది. సీసాల్లోకి నా చేత్తోనే పోస్తాను కదా."

ఆవిడ ఆ లెక్క ఎప్పుడో వేసేసుకుంది. జాడీకీ గ్లాసుకీ మధ్య తన చెయ్యి కాక ఇంకేదైనా ఉండవచ్చని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మామయ్య బిరడాల డబ్బా దించారు. ఆయన ముప్ఫై ఏళ్ళు ఒక కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. పరీక్ష గొట్టాలకు పెట్టే బిరడాలు, ఒకవైపు సన్నగా ఉండేవి, అక్కడ పనికిరావని పారేసినవి ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా నిండా తెచ్చుకున్నారు. ఏటా అవే. సీసా తెరిచినప్పుడల్లా బిరడా వెనక్కి తీసుకుంటారు. వాటిని బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళలో ఒక పూటంతా నానబెడతారు. "శుద్ధి" అంటారు దాన్ని. తర్వాత స్నానాలగది అటక మీద, ఎండ తగలకుండా ఆరబెడతారు, ఎండకు పగులుతాయని. చివరికి ఇనప పనిముట్టుతో నొక్కి మెత్తబరుస్తారు. మొసలి నోరులా పళ్ళుండే ఆ పనిముట్టును కాలేజీలో నేనూ వాడాను. దాన్ని మా అత్తగారింట్లో చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. "నేను నొక్కుతాను మామయ్యా" అని పక్కన కూర్చుని డబ్బా మూత తీశాను.

గోనె వాసన గుప్పుమంది.

డబ్బాలో ముఖం పెట్టి మళ్ళీ వాసన చూశాను. ఒక్కొక్క బిరడా తీసి చూశాను. కొన్నిటికి లేదు, చాలావాటికి ఉంది. చీకట్లో బూజు పట్టిన చెక్క, దాని మీద ఏటేటా బ్లీచింగ్ క్లోరిన్; ఆ రెండూ కలిసి పుట్టిన వాసన అది.

"మామయ్యా, ఆ వాసన బిరడాలదే."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "బీయస్సీ చదివావు, సంతోషం. నీలాంటి బీయస్సీలకు నేను ముప్ఫై ఏళ్ళు బిరడాలు తొలిచి ఇచ్చాను."

"అది కాదండీ. ఒక్కసారి వాసన చూడండి."

"బిరడా అంటే చెట్టు బెరడు. దేవుడు చేసింది. ప్రభువు బల్లకు అదే మర్యాద. లేకపోతే ఏం పెడతావు, బ్రాందీ సీసా మూతా? ఊళ్ళల్లో ఆడవాళ్ళు సారా కొట్ల మీద పడి తగలబెడుతుంటే, మనం గుడిలోకి ఆ మూత తెస్తామా?"

వాసన మాత్రం చూడలేదు. డబ్బా నా ఒళ్ళోంచి తీసుకుని అటువైపు పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం నేరేడ్‌మెట్‌లో ఎవరో స్నేహితుల ఇంటికి వెళ్తూ స్కూటర్ మీద ఆర్థర్‌కు చెప్పాను.

"నాన్న దగ్గర ఆ బిరడాల మాట ఎత్తకు డోరా. అమ్మకు అలవాటైపోయిందిలే."

"దేనికి అలవాటు?"

"అదే, మాట పడటానికి."

"బండి ఆపండి."

ఆపారు. దిగి నడవడం మొదలుపెట్టాను. ఆయన స్కూటర్‌ను కాళ్ళతో తోసుకుంటూ నా పక్కనే వచ్చారు.

"జనం చూస్తున్నారు."

"చూడనీండి."

"కొత్త పెళ్ళికూతురు రోడ్డు మీద ఒక్కతే నడుస్తుంటే నన్నేమనుకుంటారు?"

"అమ్మను మాట పడనిచ్చే కొడుకు అనుకుంటారు. నిజమేగా."

ఆయన స్కూటర్ ఆపేసి అక్కడే నిలబడిపోయారు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ నిలబడటంలో ఆయన ఎంత ముద్దుగా ఉన్నారో నాకు తెలుసు, అందుకు ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కమలాబాయి దుకాణానికి వెళ్ళాను. మెట్టుగూడ చౌరస్తా వెనక సందులో ఆవిడ ఖాళీ సీసాలు కడిగి అమ్ముతుంది. ఫినాయిల్ చేసేవాళ్ళు, షర్బత్ చేసేవాళ్ళు ఆవిడ దగ్గరే కొంటారు.

"తిప్పి బిగించే మూతలున్న సీసాలు కావాలండీ. మూతలు కొత్తవి కావాలి."

"ఏం పోస్తవమ్మా గండ్ల? మందా?"

"గుడికి. ద్రాక్షారసం."

"గుడికా." కమలాబాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "మీ సామి సుత తాగుతడా ఏందీ? ఐతె గా రమ్ము సీసాలు వద్దులే, షర్బత్ సీసాలు తీస్కపో. మూతలు కొత్తయ్ ఉన్నయ్, లోపట అట్ట సుత ఉన్నది. గట్టిగ తిప్పితె చీమ సుత దూరది."

పన్నెండు షర్బత్ సీసాలు సంచిలో మోసుకుని ఇంటికొచ్చాను. అత్తయ్య వాటిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మీ మామయ్య ఊరుకోరు."

"ఊరుకోకపోతే నన్నంటారు. ఒక జాడీ రసాన్నే సగం బిరడాల సీసాల్లో, సగం వీటిలో పోద్దాం. రెండూ మీరే పోయండి. నేను ముట్టుకోను, మూత మాత్రం తిప్పుతాను. మీ చేతిదే వాసనైతే రెండిట్లోనూ రావాలి కదా."

ఆవిడ సీసా ఒకటి తీసుకుని మూత తిప్పింది, విప్పింది, మళ్ళీ తిప్పింది. "రెండిట్లోనూ వస్తే?"

"వస్తే ఇంక జీవితంలో మీకు ఎదురు చెప్పను."

అలా పోశాం. పాస్టరు యెషయా అయ్యగారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. జూన్ ఆఖరులో రెండు రకాలూ రుచి చూసి తేలుద్దామన్నారాయన. మామయ్య నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. షర్బత్ సీసాలు ఉన్న అర వైపు చూడకుండా, నాలుగు రోజులు మాతో మాట్లాడకుండా, హాల్లో ఒక్కరే కూర్చుని తిన్నారు. ఓడిపోతానని ముందే తెలిసిన మనిషిలా ఎందుకున్నారో అప్పుడు నాకు తట్టలేదు.

జూన్ ఆఖరు శనివారం అయ్యగారు, లూకా గారు మా ముందుగదిలో కూర్చున్నారు. ముందు బిరడా సీసా తెరిచి చిన్న గ్లాసుల్లో పోశాను. లూకా గారు ముక్కు దగ్గర పెట్టుకుని దించేశారు. "గదే." తర్వాత మూత సీసా. ఆయన ఒక గుక్క తాగి ఆగారు. గ్లాసు ఖాళీ చేశారు. పెదవులు నాకి, గ్లాసు మళ్ళీ నా ముందుకు జరిపారు.

"చూసిన్రా అయ్యగారూ. కొత్త కోడలు చెయ్యి పడంగనే వాసన పాయె."

అత్తయ్య వంటగది గుమ్మంలో బిస్కెట్ల పళ్ళెంతో నిలబడి ఉంది. అది విని చిన్నగా తల ఊపింది. నమ్మేసింది. ఇరవై రెండేళ్ళు నమ్మినది ఇంకొక్క నిమిషం నమ్మడం ఎంతసేపు. మామయ్య వైపు చూశాను, ఇప్పుడైనా ఏదో అంటారని.

"అవును. అమ్మాయి చెయ్యి శుభ్రమైంది" అన్నారాయన.

నా చేతిలో సీసా ఉంది. దాన్ని బల్ల మీద జాగ్రత్తగా పెట్టాను, విసిరేస్తానేమోనని.

"నేను మూతలు తిప్పాను లూకా గారూ. అంతే. రెండు రకాలూ పోసింది అత్తయ్య. ఒకే జాడీలోది, ఒకే రోజు, ఒకే చెయ్యి."

"గట్లెట్లమ్మా? మరి వాసన ఏడికెళ్ళి వస్తది?"

లోపలికి వెళ్ళి బిరడాల డబ్బా తెచ్చి, మూత తీసి ఆయన ముఖం కింద పెట్టాను. లూకా గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు. అయ్యగారు ఒక బిరడా తీసుకుని వాసన చూసి, దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ మామయ్య వైపు తిరిగారు.

"జకర్యా గారూ, ఏటా వీటిని చేత్తో పట్టుకుంటారు మీరు. ఈ వాసన మీకు తెలియదా?"

మామయ్య గోడ గడియారం వైపు చూశారు. ఎవరూ ఆయనకు సాయం రాలేదు.

"ఒక ఏడు రెండు బిరడాలు తక్కువ పడ్డాయి" అన్నారు చివరికి. "రెండు సీసాలకు టానిక్ సీసా మూతలు బిగించాను. వాటిలో వాసన రాలేదు."

"ఎప్పుడు?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"ఆర్థర్ ఇంటర్ చదివే ఏడు."

"తొమ్మిదేళ్ళు." ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఉంది. "ఆ రెండు సీసాలూ ఏం చేశారు?"

"తాగేశాను."

"నాకు చెప్పకుండా."

"ఈ రసంలో నాది ఆ బిరడాలొక్కటే ఎలీసబెతూ. ద్రాక్ష నీది, జాడీ నీది. అవీ పనికిరావంటే ఇంక నేనేం చేయాలి?"

నిజానికి ఆ మాటకు నాకు జాలి కలగవలసింది. ఒక్క క్షణం కలిగింది కూడా. అత్తయ్య చర్మం లేచిన చేతులు గుర్తొచ్చి ఆ జాలి పోయింది.

లూకా గారు గొంతు సవరించుకున్నారు. "సరే అక్కా, అయిందేదో అయింది. మూతలతోనే షురూ చేద్దం. బయట కొనే ముచ్చట తీసేస్తున్నం. నువ్వే చెయ్యి. ఖుషీనా?"

"నేను అడిగింది అది కాదు లూకా." అత్తయ్య బిస్కెట్ల పళ్ళెం ఆయన ముందు పెట్టలేదు, కిటికీ గట్టు మీద పెట్టింది. మామయ్య వైపు తిరిగింది. "నన్ను అన్నది గుడిలో. మీరు చెప్పేది కూడా గుడిలోనే చెప్పండి."

జూలై మొదటి ఆదివారం. సంస్కారానికి ముందు ఎవరైనా సాక్ష్యం చెప్పదలిస్తే లేచి నిలబడే వేళ ఒకటి ఉంటుంది. మామయ్య లేచారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నారు.

"సంఘానికి వందనాలు. ఈ నెల నుంచి ద్రాక్షారసం తిప్పి బిగించే మూతల సీసాల్లో వస్తుంది. ఇందులో అభ్యంతరం ఏమీ లేదని కమిటీ తీర్మానించింది. ప్రభువుకు స్తోత్రం."

కూర్చున్నారు. అంతే.

నా పక్కన అత్తయ్య ఊపిరి వదలడం వినిపించింది. పాట మొదలైంది. మా గుడిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు. ముందు వరస నుంచి ఒక్కొక్కరే లేచి బల్ల దగ్గరికి వెళ్తారు. మా వరస వచ్చింది. అత్తయ్య లేవలేదు. మోకాళ్ళు పక్కకు జరిపి వెనకున్నవాళ్ళకు దారి ఇచ్చింది. నేనూ జరిపాను.

ఎవరి మీదైనా కోపం పెట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళకూడదని మా అందరికీ చిన్నప్పటి నుంచి చెబుతారు. అందుకే ఎవరైనా లేవకుండా కూర్చుంటే, గుడి మొత్తానికి అర్థమైపోతుంది. ఇరవై రెండేళ్ళలో అత్తయ్య ఒక్కసారీ అలా కూర్చోలేదు. పాట పాడుతూనే తలలు తిరిగాయి. వెనక నుంచి ఎవరో, "ఒంట్లో బాగాలేదా ఎలీసబెతమ్మా?" అన్నారు.

"బాగానే ఉంది" అంది అత్తయ్య, అందరికీ వినపడేలా.

మగవాళ్ళ వరసలో మామయ్య అప్పటికే బల్లకు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. ఆ మాట విని ఆగారు. వెనకున్నాయన ఆయన వీపుకు తగిలి ఆగాడు. మామయ్య వరస తప్పించుకుని, మధ్యదారి దాటి, ఆడవాళ్ళవైపు వచ్చారు. మా గుడిలో అటువైపు మగవాళ్ళు రావడం నేను చూడలేదు. అత్తయ్య ముందు నిలబడి గొంతు తగ్గించి ఏదో మొదలుపెట్టారు.

"నాకు కాదు. నాకు తెలుసు" అంది ఆవిడ. "వాళ్ళకు."

ఆయన తిరిగారు. పాట ఎక్కడికక్కడ ఆగిపోయింది. మైకు లేదు, ముందు అనుకున్న మాటలు లేవు.

"ఆ వాసన ఈవిడ చేతిది కాదు. నా బిరడాలది. తొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు. తెలిసీ మీరంతా ఈవిడను అంటుంటే ఊరుకున్నాను. నేను కూడా అన్నాను."

లూకా గారు పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నారు. అయ్యగారు గ్లాసుల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డారు. మామయ్య బల్ల వైపు వెళ్ళలేదు. వెనక గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"రండి ఎలీసబెతమ్మా" అన్నారు అయ్యగారు మెల్లగా.

"ఇవాళ కాదు అయ్యగారూ. ఇంకా తగ్గలేదు."

ఆయన తలూపి తర్వాతి వరసను పిలిచారు. కుడివైపు ఆర్థర్ తన వరస రాగానే లేచి, బల్లవైపు కాకుండా వెనక్కి నడిచి, ఆఖరి బెంచీలో ఒక్కరే కూర్చున్నారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది, అయినా నా మెప్పు కోసం కాదన్నట్టు చూడకపోవడమే ఎక్కువ నచ్చింది.

"నువ్వు వెళ్ళు డోరా" అంది అత్తయ్య. "కొత్త రసం. బాగుంటుంది."

"నాకూ తగ్గలేదత్తయ్యా."

ఆవిడ నన్ను రెండోసారి అడగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బల్లవైపు చూస్తూ కూర్చుంది. జనం ఒక్కొక్కరే గ్లాసు ఎత్తుతున్నారు, దించుతున్నారు. ఒక్కరి ముక్కూ ముడుచుకోలేదు. ఆవిడ ప్రతి ముఖాన్నీ చూసింది, ఆఖరి మనిషి దాకా, ఒక్కటీ వదలకుండా.